సంతకోసారి

వుర్యాని ఏం ఉద్యోగం చేస్తుందో ఆమె తల్లికి చివరిదాకా అర్థం కాలేదు. జకార్తాలో పెద్ద ఆఫీసు, నెలకు రెండు మూడు ప్రయాణాలు, చంకలో నీలం అట్ట ఫైలు. ఇంతవరకూ బాగానే ఉంది. "అక్కడికెళ్లి ఏం చేస్తావే?" అంటేనే చిక్కొచ్చి పడేది. సంస్థల్లో పని జరిగే తీరు ఎంత పక్వానికి వచ్చిందో చూసి మెట్టు వేస్తానని వుర్యాని ఒకసారి ఓపిగ్గా చెప్పింది. పండడానికీ, ఉడకడానికీ, బుద్ధి ముదరడానికీ వాళ్ల భాషలో ఒకటే మాట. తల్లి లెగియెం జన్మంతా సోయాగింజలు ఉడికించి, బూజు పట్టించి, తెంపే అచ్చులు చేసి సంతల్లో అమ్మిన మనిషి. అచ్చు పక్వానికొచ్చిందో లేదో బొటనవేలితో నొక్కి చెప్పేది.

"అయితే ఫ్యాక్టరీలను నొక్కి చూస్తావన్నమాట," అంది. "దానికి జీతం కూడానా!"

ఆ మాటకు వుర్యాని ముప్పై ఏళ్లు నవ్వుకుంది. అంతకన్నా బాగా ఆ ఉద్యోగం గురించి చెప్పినవాళ్లు లేరు కూడా.

ఆమె వేసే మెట్లు ఐదు. మొదటి మెట్టు మీదున్న సంస్థ, ఎవరు ముందు లేస్తే వాళ్లు వంట చేసే ఇల్లు. కూర ఒకనాడు అమృతం, ఒకనాడు ఉప్పుకషాయం. రెండో మెట్టు మీద నిన్న కుదిరిన వంట ఇవాళా కుదురుతుంది, కాని చేసిన చెయ్యే చెయ్యాలి. మూడో మెట్టుకొస్తే ఎలా వండాలో రాసి ఉంటుంది, అత్త వండినా కోడలు వండినా ఒకే రుచి. నాలుగూ ఐదూ వేరే లోకం. అక్కడ ఉప్పును తూస్తారు, తూచిన త్రాసునూ తూస్తారు. అంత ఎత్తుకెక్కినవాళ్లను వుర్యాని మొత్తం మీద ముగ్గుర్ని చూసింది. ఆ ముగ్గురిళ్లలోనూ ఆమెకు భోంచెయ్యాలనిపించలేదు.

ఎక్కడికెళ్లినా ఆమె అడిగేవి మూడే ప్రశ్నలు. మీరేం చేస్తారు? ఎప్పుడు చెయ్యాలో మీకెలా తెలుస్తుంది? చెయ్యకపోతే ఎవరికి తెలుస్తుంది? అడిగాక నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టుకునేది. మధ్యలో కల్పించుకోకుండా ఊరుకుంటే చాలు, చాలామంది ఏడు దగ్గరికొచ్చేసరికి నిజం చెప్పేస్తారని ఆమె అనుభవం. భర్త మూల్యోనో రైల్వేలో గుమాస్తా, మహా వేళాకోళం మనిషి. "మన సంసారం ఏ మెట్టు మీదుందోయ్?" అనేవాడు. "రెండు." "మూడు వెయ్యరాదూ? పాతికేళ్లయింది." "రాసిపెట్టిందేదీ?" ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పుడైతే ఆయన అడక్కుండానే ఐదు వేసేది.

ఉద్యోగ విరమణ ఇంకో రెండు నెలలుందనగా ఆమెకు ఆఖరి పనిగా క్లాతెన్ ఊరి బయట ఒక కేచాప్ ఫ్యాక్టరీ తగిలింది. కేచాప్ అంటే టమాటాలతో చేసేది కాదు. సోయాగింజలకు బూజు పట్టించి, ఉప్పునీళ్ల బానల్లో నెలల తరబడి ఎండలో ఊరబెట్టి, వడకట్టి, తాటిబెల్లంతో కాచిన నల్లటి రసం. అది లేకపోతే ఆ దేశంలో ముద్ద దిగదు. ఫ్యాక్టరీ పేరు జోడుకొంగలు. పద్దెనిమిదేళ్ల కిందట ఒకసారి వచ్చి, మొదటి మెట్టు వేసి వెళ్లింది. ఆ తర్వాత దాని ఊసే మర్చిపోయింది.

సోమవారం పొద్దున ఆమె, తోటి అధికారి బిన్సార్ కలిసి కారులో వచ్చేసరికి గేటు ముందు గింజల లారీ ఒకటి హారన్ మోగిస్తోంది. మెరాపి కొండ ఇంకా మంచులోనే ఉంది. లారీ డ్రైవరు కిటికీలోంచి సగం బయటికొచ్చి అరుస్తున్నాడు.

"ఉజ్జాయింపు తాతా! గేటు తియ్యవయ్యా బాబూ, గింజలు ఇక్కడే మొలకెత్తేట్టున్నాయి!"

గేటు గదిలోంచి ఒక సన్నటి ముసలాయన తీరిగ్గా వచ్చాడు. లారీ నంబరు రాసుకుని, గడియారం చూసి టైము రాసుకుని, అప్పుడు తీశాడు. తర్వాత అదే పుస్తకం పట్టుకుని కారు దగ్గరికొచ్చి, వంగి, నవ్వాడు.

"బు వుర్యాని కదూ. నీలం ఫైలు మారలేదు."

వుర్యాని కళ్లజోడు సర్దుకుంది. ఆ నవ్వు తెలిసిన నవ్వే. ఆ ఊళ్లలో పెద్దవాళ్లను ఒట్టి పేరుతో పిలవరు, ఆడవాళ్లయితే ముందు బు, మగవాళ్లయితే పాక్ చేరుస్తారు. "పాక్ పోనిరాన్! మీరు బానల పెరడుకు పెద్ద కదండీ?"

"చిత్తం బూ. అప్పుడు."

"గేటుకెప్పుడు వచ్చారు?"

"మీరొచ్చి వెళ్లిన నెలలో." ఆ మాటలో నిష్ఠూరం ఆవగింజంత కూడా లేదు. వాన ఎప్పుడు పడిందో చెప్పినట్టు చెప్పాడు. "ఇక్కడ సంతకం పెట్టండి. పక్కన టైము కూడా, బూ."

ఆమె సంతకం పెట్టి, టైము వేసింది. తను వచ్చి వెళ్లిన నెలలోనే ఈ మనిషి బానలు వదిలి గేటు దగ్గరికి ఎందుకొచ్చాడు?

జవాబు మధ్యాహ్నం దొరికింది, సీసాలు సర్దే షెడ్డులో. రుస్మి అనే నడివయసు ఆవిడ సీసాలకు కొంగల బొమ్మ కాగితాలు అంటిస్తోంది. ఆమె చెయ్యి ఎంత వేగంగా ఆడుతుందో నోరూ అంత వేగంగా ఆడుతుంది. వుర్యాని తన మూడు ప్రశ్నలూ అడిగాక, ఊరికే అడిగినట్టు నాలుగోది అడిగింది.

"గేటు దగ్గర పెద్దాయన్ని ఉజ్జాయింపు తాత అంటారెందుకమ్మా?"

షెడ్డంతా కిసుక్కుమంది. "అదో కథ బూ," అంది రుస్మి. "ఎప్పుడో జకార్తా నుంచి ఎవరో పెద్దావిడ వచ్చి రాసిందంట, బానలు కలిపినట్టు పట్టికలో ఉజ్జాయింపుగా టిక్కులు కొట్టేశాడని. అప్పటి ముసలి యజమాని చదివి అందరి ముందూ ఆ మాట అని, బానల దగ్గర్నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టాడంట. ఇంకేముంది, అదే పేరైపోయింది. ఆయన పెళ్లాం కూడా, కోపమొస్తే, 'ఉప్పెంత వెయ్యమంటావ్, ఉజ్జాయింపూ?' అంటది."

అందరూ మళ్లీ నవ్వారు. ఆ పెద్దావిడ ఎవరో వాళ్లకు తెలియదు. వుర్యాని ఫైలు మూసి, మొహం కడుక్కోవాలని చెప్పి బయటికి వచ్చేసింది.

ఆ మాట తనదే. ఆ వాక్యం ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది: 'చెప్పినదానికీ రాసినదానికీ పొంతన లేదు. పట్టిక ఉజ్జాయింపుగా నింపినట్టు కనిపిస్తోంది.' రాసినప్పుడు ఆ వాక్యం ఆమెకు ముచ్చటగా కూడా అనిపించింది.

అయినా ఊరికే రాయలేదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ రోజు బానల పెరట్లో పోనిరాన్‌ను అడిగింది: "బానలు ఎప్పుడెప్పుడు కలుపుతారు?" ఆయన టోపీ చేతిలో పట్టుకుని, "సంతకోసారి, బూ," అన్నాడు. ఆమె రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "వారానికోసారి. అంతేగా?" అంది. "చిత్తం," అన్నాడు. ఆఫీసులోంచి పట్టికల కట్ట తెప్పించి, పద్ధతి ప్రకారం మధ్యమధ్యలోంచి నాలుగు కాగితాలు లాగింది. వారానికొక కాగితం. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు గడులు. ఒక కాగితంలో మంగళవారం టిక్కు. ఒకదాంట్లో సోమవారం ఒకటి, శనివారం ఒకటి. ఇంకోదాంట్లో శుక్రవారం. నాలుగోదాంట్లో గురువారం. వారానికోసారి అన్న మనిషి ఒక వారం రెండుసార్లు కలిపాడు, ఏ వారమూ ఒకే రోజున కలపలేదు. మనసు పుట్టినప్పుడు కలుపుతాడు, లేదా అసలు కలపకుండానే టిక్కు కొడతాడు. ఇంకెవరైనా అంతకన్నా ఏం రాస్తారు?

రాసింది నిజమైతే పేరుకు తనదేం బాధ్యత లేదు. నిజం కాకపోతే మాత్రం ఒక మనిషిని పద్దెనిమిదేళ్లు గేటు దగ్గర కూర్చోబెట్టింది తనే. ఆ రాత్రి సత్రంలో ఆమెకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆ నిద్ర బాకీ తీర్చుకోవడానికి వచ్చింది. బానల పెరట్లో ఎండ నిలువునా పడుతోంది. మూడొందల బానలు, ఒక్కోదాని మీద ఒక్కో కోసు మూత, గొడుగు టోపీలు పెట్టుకుని వరసగా కూర్చున్న పెద్దమనుషుల్లా ఉన్నాయి. ఇప్పుడంతా రాతపూర్వకం. సోమవారం సోమవారం గంట మోగుతుంది, తెడ్లు పడతాయి, ముగ్గురు సంతకాలు పెడతారు. రసం అప్పుడూ బాగుండేది, ఇప్పుడూ బాగుంది. చూడవలసిందంతా చూసి, వుర్యాని రేకుల నీడన బల్ల మీద కూర్చుంది. ఊరుతున్న సోయా వాసన. కమ్మగా, కొంచెం పుల్లగా, మూల గదిలో మడతపెట్టిన పాత దుప్పటి వాసనలా. అమ్మ చేతుల వాసన అదే. కళ్లు మూతలు పడ్డాయి.

ఆమెకు ఏడేళ్లు. ముందు అమ్మ నడుస్తోంది, వీపు మీద తెంపే బుట్ట, బుట్ట మీద అరిటాకులు. చుక్కలింకా ఉన్నాయి. పొలాల మీద పొగమంచు మోకాళ్ల దాకా ఉంది, అమ్మకు కాళ్లు లేనట్టు, తేలిపోతున్నట్టు కనిపిస్తోంది. ఇవాళ ఏ ఊరు? లెగి రోజు కదా, చెరకు బండ్లొచ్చే ఊరు. రేపు పాహింగ్, మేకల సంత. ఎల్లుండి పోన్, ఆ ఊళ్లో అన్నీ కుండలే, ఎక్కడ చూసినా ఎర్రటి కుండలు. తర్వాత వాగె. తర్వాత క్లివోన్, ఆ రోజు పూలమ్మేవాళ్లొస్తారు, సందులన్నీ గుప్పుమంటాయి. అక్కడితో రోజులు అయిపోతాయి. మళ్లీ లెగి, మళ్లీ చెరకు బండ్లు. అమ్మ లెగి రోజున పుట్టింది కనక లెగియెం. అమ్మకు సోమవారాలు లేవు, ఆదివారాలు లేవు. అవి బడికి సంబంధించినవి. బడి రోజులు ఏడు ఒక పక్క, అమ్మ రోజులు ఐదు ఒక పక్క, రెండు చక్రాలు పళ్లూ పళ్లూ కలిసి మెల్లగా తిరుగుతున్నాయి. మంచులో వాటి చప్పుడు కూడా వినిపిస్తోంది.

"బూజుగుడ్డ సంతకోసారి ఉతకాలే పిల్లా, లేకపోతే అచ్చులు చేదెక్కుతాయి."

"అంటే వారానికోసారా అమ్మా?"

అమ్మ వెనక్కి తిరిగి నవ్వింది. పొగాకు నమిలి నల్లబడ్డ పళ్లు. "వారమేంటే నీ మొహం! సంతంటే సంతే. ఐదు రోజులు. బడికి పంపితే ఉన్న మతి పోతోంది నీకు."

వుర్యాని కళ్లు తెరిచింది. ఎండ అక్కడే ఉంది, బానలు అక్కడే ఉన్నాయి. సంతకోసారి. ఆ మాట ఆమె తల్లి భాషలోది. అదే గడ్డ మీద పుట్టి, సంత బుట్టల మధ్య పెరిగి, ఆ మాటను తను ఏడు రోజులకు సాగదీసింది. పైవాడెవడో పరాయి ద్వీపంనుంచి వచ్చి పొరబడితే అర్థముంది. ఆమెకు సిగ్గేసింది. తల్లి ఎదురుగా నిలబడి బొటనవేలితో నొక్కి చూసినట్టు, నొక్కి ఇంకా పచ్చే అన్నట్టు సిగ్గేసింది.

నేరుగా గేటు దగ్గరికి వెళ్లింది. పోనిరాన్ టీ గ్లాసు మీద మూత పెట్టి లేచి నిలబడ్డాడు.

"పాక్, ఆ పాత పట్టికలు ఎక్కడన్నా ఉన్నాయా? ఆఫీసులో ఐదేళ్లు దాటినవి ఉంచరటగా."

"పారేస్తుంటే నేను తెచ్చుకున్నాను బూ. రాసినవి కదా, చిత్తుకాగితాల బండికి వెయ్యడానికి మనసొప్పలేదు."

మంచం కిందనుంచి బిస్కెట్ల రేకు డబ్బా లాగాడు. లోపల నెలకొక క్యాలెండరు కాగితం, దాని వెనక ఆ నెల పట్టికలు, మూలకు గుండుసూది. ఆమె రెండొందల ఫ్యాక్టరీలు చూసిన మనిషి. కాగితాలు అంత శుభ్రంగా దాచినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అప్పట్లో ఆఫీసువాళ్లు తన ముందు పెట్టింది గుండుసూదులు ఊడదీసిన ఉత్త పట్టికల్ని.

నేల మీద వరసగా పరిచింది. ఈసారి మధ్యమధ్యలోంచి కాదు, ఒకదాని పక్కన ఒకటి. సోమవారం. శనివారం. పై వారం గురువారం. ఆ పై వారం మంగళవారం. జావాలో ఏ గోడ క్యాలెండరు చూసినా తేదీ కింద చీమ తలంత అక్షరాలతో సంత రోజు పేరుంటుంది. ఆమె వేలు ఒక్కో టిక్కు నుంచి క్యాలెండరు మీదికి వెళ్లింది. పోన్. పోన్. పోన్. పోన్. తర్వాత ఒక ఖాళీ. ఆ తర్వాత శుక్రవారం, పోన్. బుధవారం, పోన్. మళ్లీ సోమవారం. ముప్పై ఐదు రోజులకు చక్రం తిరిగొచ్చి మొదటి చోట నిలబడింది.

"ఈ ఖాళీ ఏంటి పాక్? ఇక్కడ ఒక పోన్ తప్పిపోయింది."

"అది ఆదివారం బూ. వచ్చి కలిపి వెళ్లాను. ఆదివారానికి గడి లేదు కదా, ఎక్కడ రాయను?" తప్పు చేసినవాడిలా అన్నాడు. "గడి నేనే గీసుకోవాల్సింది. ఆఫీసు కాగితం కదా అని జంకాను."

మూడు ప్రశ్నలకూ జవాబులు ఆ డబ్బాలోనే ఉన్నాయి. ఏం చేస్తావు? బానలు కలుపుతాను. ఎప్పుడు చెయ్యాలో ఎలా తెలుస్తుంది? నా పేరులోనే ఉంది, పోన్ నాడు పుట్టి పోనిరాన్‌నయ్యాను. చెయ్యకపోతే ఎవరికి తెలుస్తుంది? ఈ ఊళ్లో సంతకెళ్లే ప్రతి ముసలమ్మకూ తెలుస్తుంది. తను ఒకటో మెట్టు మీద కూర్చోబెట్టింది ఈ మనిషిని.

"నేను వారానికోసారి అన్నప్పుడు కాదని ఎందుకనలేదండీ?"

పోనిరాన్ టోపీ అంచు వేళ్లతో తిప్పుతూ నిలబడ్డాడు. "మీరు పెద్ద చదువు చదివారు బూ. అప్పటికే రాసేసుకున్నారు. కొట్టేయించడం మర్యాద కాదు కదా."

ఆ సాయంత్రం బజార్లో చారన్నం బండి దగ్గర ఆమె బిన్సార్‌కు అంతా చెప్పింది. బిన్సార్ సుమత్రా నుంచి వచ్చిన బతక్ తెగ మనిషి. వాళ్లలో గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది.

"మా ఊళ్లో కాదు అంటే కాదే. బల్ల కూడా గుద్దుతాం, అనుమానం లేకుండా," అన్నాడు. "మీ జావావాళ్ల 'చిత్తం' ఎన్ని రకాలుంటాయి బు వుర్?"

"నాకు తెలిసి పదకొండు."

"అందులో అవునని అర్థం ఎన్నిటికి?"

"రెండిటికి."

అతను పొలమారేదాకా నవ్వి, నీళ్లు తాగి, అప్పుడు గొంతు తగ్గించాడు. "సరే, తప్పయింది. ఏం చేస్తారిప్పుడు? మూడేళ్లు దాటితే రిపోర్టు చచ్చినట్టే లెక్క. ఆ రూలు నాకు నేర్పింది మీరే."

"రిపోర్టు చచ్చింది పాక్ బిన్సార్. పేరు చావలేదుగా. నిన్న పొద్దున లారీవాడు పిలవడం విన్నారు."

"వినండి. రెండు నెలల్లో మీకు శాలువా కప్పుతారు. ఇప్పుడు ఇది బయట పెడితే, మిగతా రెండొందల రిపోర్టుల్లో ఇంకెన్ని ఉన్నాయని ఎవడైనా అడుగుతాడు. ఏం చెప్తారు?"

వుర్యాని అన్నంలో చెంచా తిప్పుతూ కూర్చుంది. ఆ ప్రశ్న మధ్యాహ్నం నుంచి ఆమెను నమిలేస్తూనే ఉంది. ఎంతమంది తన ముందు టోపీ తీసి చిత్తమన్నారో, వాళ్లలో ఎంతమంది కాదనలేక అన్నారో ఆమెకు తెలియదు. ఇక తెలుసుకునే దారి కూడా లేదు.

"తెలియదని చెప్తాను," అంది చివరికి. చారు చల్లారిపోయింది.

బుధవారం మధ్యాహ్నం సీసాల షెడ్డులో ముగింపు సమావేశం పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, అరిటాకు పొట్లాల్లో బంకన్నం, చివర్లో ఎవరూ తాగని నీళ్ల గ్లాసులు. పనివాళ్లు అరవైమంది దాకా వచ్చారు. లారీ డ్రైవరు కూడా పొట్లం ఆశతో వెనక గోడకానుకుని నిలబడ్డాడు. ఇప్పటి యజమాని గునాది, పాత యజమాని కొడుకు, కొత్త చొక్కా వేసుకొచ్చాడు. జోడుకొంగలకు మూడో మెట్టు ఇస్తున్నట్టు వుర్యాని చదివింది. చప్పట్లు మోగాయి. గునాది కళ్లు తుడుచుకున్నాడు. అక్కడితో ఆపేసినా ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు.

"ఇంకొక్క మాటుంది," అంది. "పాక్ పోనిరాన్‌ను పిలవండి."

ఆయన వచ్చి గుమ్మంలో సగం లోపల, సగం బయట నిలబడ్డాడు. "గేటు దగ్గర ఎవరూ లేరు బూ," అన్నాడు ఆందోళనగా.

"ఐదు నిమిషాలు. దొంగలు ఆగుతారు." కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. "పద్దెనిమిదేళ్ల కిందట జకార్తా నుంచి ఒక పెద్దావిడ వచ్చి ఈయన పట్టిక ఉజ్జాయింపుగా నింపాడని రాసిందని మీరంతా చెప్పుకుంటారు. ఆ ఆవిడను నేనే."

రుస్మి చేతిలో పొట్లం అలాగే ఆగిపోయింది. వుర్యాని ఆమెను దగ్గరికి పిలిచి, పాత క్యాలెండరు కాగితాలు చేతికిచ్చింది. "నేను పట్టికలో రోజు చదువుతాను. నువ్వు దాని కింద చిన్న అక్షరాలు చదువమ్మా."

"సోమవారం, నాలుగో వారం మొదటి గడి."

"...పోన్," అంది రుస్మి, కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని.

"శనివారం."

"పోన్."

"గురువారం."

"పోన్." ఈసారి ముందు వరసలో ఒక ముసలావిడ కూడా అంది. మంగళవారానికి నలుగురు అన్నారు. శుక్రవారం వచ్చేసరికి ఎవరూ కాగితం చూడటం లేదు. ఆమె రోజు చదవడం, షెడ్డంతా పోన్ అనడం. ఎండ రేకుల కంతల్లోంచి పడి నేల మీద వణుకుతోంది. ఎక్కడో ఊరిబడిలో ఎక్కాలు వల్లిస్తున్నట్టు ఆ ఒక్క మాట వస్తూనే ఉంది. పోనిరాన్ గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన పెదవులు కూడా కదులుతున్నాయి.

"ఈయన సంతకోసారి అన్నాడు. నేను వారానికోసారి అని విన్నాను. నేను తెంపే అమ్మినావిడ కూతుర్ని, నాకు తెలిసుండాల్సింది," అంది వుర్యాని. గుమ్మం వైపు తిరిగింది. "పాక్ పోనిరాన్. పట్టిక మీరు ఉజ్జాయింపుగా నింపారని రాశాను. నేను రాసింది నిజమేనా?"

"చిత్తం, బూ," అన్నాడాయన వెంటనే, అలవాటుగా.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"చిత్తం వద్దు పాక్. అది నాకు చాలా ఇచ్చారు. ఇంకోసారి అడుగుతున్నాను. నేను రాసింది నిజమేనా?"

అడిగి, ఆమె నోరు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు. ఏడు దాటింది. పది అయింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. గునాది కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. బిన్సార్ జన్మలో మొదటిసారి కిక్కురుమనకుండా కూర్చున్నాడు. పోనిరాన్ టోపీ తిప్పుతున్నాడు. అంచు పట్టుకుని ఒక చుట్టు, మళ్లీ ఒక చుట్టు. తర్వాత తిప్పడం ఆపి, దాన్ని తలమీద పెట్టుకున్నాడు. పెద్దల ముందు టోపీ పెట్టుకోని మనిషి.

"కాదు, బూ," అన్నాడు.

మెల్లగానే అన్నాడు, కాని అందరికీ వినబడింది.

వుర్యాని ఆ రెండు మాటలూ ఆయన అన్నది అన్నట్టే రాసుకుంది. ఈసారి రాసేముందు తల ఎత్తి ఆయన మొహం చూసింది. ఆ కాగితం రిపోర్టుకు ఆఖరి పుటగా పెట్టి, కింద తన పేరు పూర్తిగా రాసి సంతకం చేసింది. శాలువా సంగతి జకార్తా వాళ్లు చూసుకుంటారు.

తిరిగి వెళ్లేటప్పుడు ఆమె కారు గేటు దగ్గర ఆగింది. పోనిరాన్ తన గదిలో, తన స్టూలు మీద, ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. బానల దగ్గరికి మళ్లీ రమ్మని గునాది అడిగాడట, ఈ వయసులో తెడ్డెత్తలేనని ఆయన అన్నాడట. పుస్తకం ఆమె ముందు పెట్టాడు. ఆమె సంతకం చేసి, టైము రాసి, తేదీ పక్కన బుధవారం అని రాసి, ఒక క్షణం ఆలోచించి, దాని కింద చిన్న అక్షరాలతో పోన్ అని రాసింది. ఆయన వంగి అది చదివాడు.

వెనక ఖాళీ లారీ వచ్చి హారన్ కొట్టింది. డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వంగాడు.

"ఉజ్జా..." అని, నాలుక కరుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "పాక్ పోనిరాన్! కాస్త గేటు తియ్యండి!"

ఆయన తొందరపడలేదు. లారీ నంబరు రాసుకున్నాడు. గడియారం చూసి టైము రాసుకున్నాడు. అప్పుడు లేచి గేటు తీశాడు.